పేరు మారిన సాఫ్ట్‌వేర్‌కు ఏ లేబుల్ పెట్టాలి? తెలుగు సాంకేతిక సమూహాల నిర్వాహకులకు సమగ్ర మార్గదర్శి

సాంకేతిక ప్రశ్నోత్తరాల సమూహాలు నడిపేవాళ్లకు పదేపదే ఎదురయ్యే చిక్కు ఇది. సాఫ్ట్‌వేర్ పేరో, వెర్షన్ అంకెలో మారిపోతాయి. పాత లేబుల్ ఉంచాలా, తీసేయాలా, కొత్తది పక్కన పెట్టాలా?

కంపెనీ ఏ పేరు పెట్టిందన్నది రెండో సంగతి. పాత జవాబు కొత్త వెర్షన్‌లో పనిచేస్తుందా అన్నది మొదటి సంగతి. ప్రశ్న అడిగేవాళ్లకు కావలసింది పనిచేసే జవాబు. లేబుల్ వాళ్లను అక్కడికి చేర్చాలి.

ఈ వ్యాసంలో మూడు మాటలు తరచూ వస్తాయి. ప్రశ్న మీద కనిపించేది మూల లేబుల్. టైప్ చేయగానే మూల లేబుల్‌కు మళ్లించేది పర్యాయ లేబుల్. రెండు లేబుళ్ల కింద ఉన్న ప్రశ్నలన్నిటినీ ఒకే లేబుల్ కిందికి మార్చేయడం విలీనం.

## 1. మొదలుపెట్టే ముందు

ముందు ఉన్న లేబుళ్ల జాబితా మొత్తం బయటికి తీసి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోండి. కావలసిన నిలువు వరుసలు ఇవి:

- లేబుల్ పేరు, ఉన్నది ఉన్నట్టుగా
- దాని కింద ఉన్న ప్రశ్నల సంఖ్య
- మొదటి ప్రశ్న తేదీ, చివరి ప్రశ్న తేదీ
- ఇప్పటికే ఉన్న పర్యాయ లేబుళ్లు
- నిర్ణయం (ఇప్పటికి ఖాళీగా వదిలేయండి)

లేబుల్ వరుసను స్ప్రెడ్‌షీట్‌లో అతికించే ముందే ఆ గడులను ‘టెక్స్ట్’ రూపానికి మార్చండి. వెర్షన్ అంకెలకు విడి వరుస పెట్టుకుంటే దానికీ ఇదే వర్తిస్తుంది. లేకపోతే 3.10ని స్ప్రెడ్‌షీట్ సంఖ్యగా తీసుకుని 3.1 చేసేస్తుంది. పైథాన్ 3.1, పైథాన్ 3.10 వేర్వేరు వెర్షన్లు. ఉబుంటు 22.10 కూడా ఇలాగే 22.1 అయి కూర్చుంటుంది, అలాంటి ఉబుంటు అసలు లేదు. సెట్టింగుల ఫైళ్లలోనూ ఇదే ప్రమాదం ఉంది కాబట్టి వెర్షన్‌ను కోట్ గుర్తుల మధ్యే రాయండి.

తరువాత ఆ సాఫ్ట్‌వేర్‌కు సంబంధించి కొత్త లేబుళ్లు పుట్టకుండా పని పూర్తయ్యేదాకా ఆపండి. ఒకవైపు సర్దుతుంటే మరోవైపు ఇంకో నాలుగు పుట్టుకొస్తే పనికి అంతుండదు.

## 2. పేరు ఏ రకంగా మారిందో తేల్చుకోండి

పేరు మారిందనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. అయిదు రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో చికిత్స.

పేరు మాత్రమే మారడం. జీ సూట్ 2020లో గూగుల్ వర్క్‌స్పేస్ అయింది. అజూర్ యాక్టివ్ డైరెక్టరీ 2023లో మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ అయింది. సేవ అదే, బోర్డు మారింది. కొత్త పేరు మూల లేబుల్, పాతది పర్యాయం. ఇది తేలిక పని.

అంకెల పద్ధతి మారడం. ఆపిల్ 2025లో తన సిస్టమ్‌లన్నిటికీ 26 అనే అంకె ఇచ్చింది. ఐఓఎస్ 18 తరువాత వచ్చింది ఐఓఎస్ 26. మాక్‌ఓఎస్ 15 తరువాత 26, వాచ్‌ఓఎస్ 11 తరువాత 26, విజన్‌ఓఎస్ అయితే 2 నుంచి ఒకేసారి 26కి వెళ్లింది. లిబ్రేఆఫీస్ 7.6 తరువాత 2024లో 24.2 వచ్చింది. మధ్యలోని అంకెలు లేనే లేవు, వాటికి ఖాళీ లేబుళ్లు చేసి పెట్టకండి. అయితే విడుదలకు ముందు చాలామంది ‘ఐఓఎస్ 19’ అని రాశారు. ఆ ఒక్కదాన్ని 26కి పర్యాయంగా పెట్టడం మంచిది.

పేరుతో పాటు లోపలి కోడ్ కూడా మారడం. వెబ్ యాప్‌లు తయారుచేసే యాంగ్యులర్ ఫ్రేమ్‌వర్క్ చూడండి. యాంగ్యులర్‌జేఎస్ అంటే దాని 1 శ్రేణి. 2016లో వచ్చిన యాంగ్యులర్ 2 పూర్తిగా వేరే నిర్మాణం. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకూడదు. యాంగ్యులర్ 3 రాలేదు, 2017లో నేరుగా 4 వచ్చింది.

ఫోర్కు, అంటే ఒక ప్రాజెక్టు కోడ్ తీసుకుని విడి ప్రాజెక్టుగా నడపడం. ఇది పేరు మార్పు కానే కాదు. ఓపెన్‌ఆఫీస్ నుంచి 2010లో లిబ్రేఆఫీస్ విడిపోయింది, రెడిస్ అనే డేటాబేస్ నుంచి 2024లో వాల్‌కీ విడిపోయింది. రెండు ప్రాజెక్టులూ విడివిడిగా బతుకుతుంటాయి. రెండిటికీ మూల లేబుళ్లు ఉండాలి. ఏ వెర్షన్ దగ్గర విడిపోయాయో (వాల్‌కీ విషయంలో రెడిస్ 7.2.4) వివరణలో రాయాలి. అప్పటిదాకా ఉన్న జవాబులు రెండిటికీ పనికొస్తాయని చదివేవాళ్లకు తెలుస్తుంది.

పాత పేరును వేరే వస్తువుకు మళ్లీ వాడడం. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ‘ఏఎస్‌పీ డాట్‌నెట్ 5’ అని మొదట పిలిచిన దానికి 2016 జనవరిలో ‘ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 1.0’ అని పేరు మార్చారు. 2020 నవంబరులో డాట్‌నెట్ 5 వచ్చాక దానితో వచ్చిన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 5ను కూడా జనం పొట్టిగా ‘ఏఎస్‌పీ డాట్‌నెట్ 5’ అనేశారు. ఒకే లేబుల్ కింద రెండు తరాల ప్రశ్నలు చేరాయి.

ఇలాంటి లేబుల్‌ను దేనికీ పర్యాయంగా పెట్టకండి. ఎటు మళ్లించినా సగం ప్రశ్నలు తప్పు చోటికి పోతాయి. చేయాల్సింది ఇది:

1. లేబుల్‌ను కొత్త ప్రశ్నలకు వాడకుండా మూసేయండి.
2. 2016 జనవరికి ముందువన్నీ కోర్ 1 కిందికి మార్చండి.
3. 2020 నవంబరు తరువాతివి కోర్ 5 కిందికి మార్చండి.
4. మధ్య కాలంలోవి ఒక్కొక్కటీ తెరిచి చదివి మార్చండి. దీనికి అడ్డదారి లేదు.

## 3. పాత జవాబు పనిచేస్తుందా? పరీక్షించే పద్ధతి

రకం తేలాక కూడా కొన్నిచోట్ల అనుమానం మిగులుతుంది. అప్పుడు పాత లేబుల్ కింద ఎక్కువమంది చూసిన పది ప్రశ్నలు తీసుకోండి. ఒక్కోదానికి అంగీకరించిన జవాబును కొత్త వెర్షన్‌లో నడిపి చూడండి. తొమ్మిదో పదో యథాతథంగా పనిచేస్తే ఒకే లేబుల్ చాలు. సగం విఫలమైతే వేరు లేబుల్ కావాలి. రెండు మూడే విఫలమైతే లేబుల్ ఒకటే ఉంచి, ఆ జవాబుల పైన వెర్షన్ గమనిక రాయండి.

జావా సర్వర్ సాఫ్ట్‌వేర్ ఈ పరీక్షకు మంచి ఉదాహరణ. జావా ఈఈ పేరు జకార్తా ఈఈగా మారింది. 2019లో వచ్చిన జకార్తా ఈఈ 8 దాదాపు జావా ఈఈ 8 లాంటిదే, పాత కోడ్ కదలకుండా నడిచింది. 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీ పేర్లు మారిపోయాయి. ‘జావాఎక్స్.సర్వ్‌లెట్’ అని రాసిన చోట ‘జకార్తా.సర్వ్‌లెట్’ అని రాయాలి. టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ 9వ వెర్షన్‌లో నడిచిన ప్రాజెక్టును తీసుకెళ్లి టామ్‌క్యాట్ 10లో పెడితే క్లాస్ దొరకలేదని తప్పు చూపేది అందుకే.

అంటే గీత గీయాల్సింది పేరు మారిన చోట కాదు, 8కీ 9కీ మధ్య. లేబుళ్లు ఇలా ఉండాలి:

- ‘జావా ఈఈ’: 8 వరకు, జకార్తా ఈఈ 8తో సహా. ‘జే2ఈఈ’ దీనికి పర్యాయం.
- ‘జకార్తా ఈఈ’: 9 నుంచి.

జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. ‘జావాఎక్స్’ కనిపించిన ప్రతి ప్రశ్ననూ పాత లేబుల్ కిందికి తోసేయకూడదు. ‘జావాఎక్స్.స్వింగ్’, ‘జావాఎక్స్.ఎస్‌క్యూఎల్’ జావా మూల భాగమైన జావా ఎస్ఈలోవి, వాటి పేర్లు మారలేదు. పదం వెతికి మూకుమ్మడిగా లేబుల్ మార్చే స్క్రిప్టులు చతికిలబడేది ఇక్కడే.

## 4. లేబుల్ రూపం

వెర్షన్ అంకె ఒంటరిగా ఉండకూడదు. ‘22హెచ్2’ అని లేబుల్ పెడితే అది విండోస్ 10దా, 11దా? రెండిటికీ 22హెచ్2 ఉంది. ‘2004’ అయితే మరీ ఘోరం. అది విండోస్ 10 వెర్షనో, ఏడాదో తెలియదు. ‘విండోస్ 10 22హెచ్2’ అని పూర్తిగా రాయండి. ఆపిల్ ‘26’ కూడా అంతే.

రెండు అంచెలు చాలు. ప్రతి ప్రశ్నకూ ఉత్పత్తి లేబుల్ తప్పనిసరి (‘ఆండ్రాయిడ్’). వెర్షన్ లేబుల్ అవసరమైతేనే (‘ఆండ్రాయిడ్ 14’). మూడో అంచె పెట్టారంటే సభ్యులు సరిగ్గా నింపరు, నిర్వాహకుల మీద పని పడుతుంది.

ముద్దుపేర్లు పర్యాయాలుగానే ఉండాలి. ఆండ్రాయిడ్‌కు మిఠాయి పేర్లు బహిరంగంగా పెట్టడం 2019లో 10వ వెర్షన్‌తో ఆపేశారు. ‘పై’ని ‘ఆండ్రాయిడ్ 9’కి మళ్లించండి. మాక్‌ఓఎస్ ‘సెకోయా’ను ‘మాక్‌ఓఎస్ 15’కి, ‘టాహో’ను ‘మాక్‌ఓఎస్ 26’కి మళ్లించండి.

యంత్రం చూపే సంఖ్యను కూడా పర్యాయంగా చేర్చండి. సభ్యులు ఎర్రర్ సందేశంలోంచి కాపీ చేసిన సంఖ్యనే లేబుల్ పెట్టెలో టైప్ చేస్తారు. అది ప్రచారంలో ఉన్న అంకె కాకపోవచ్చు.

- జావా 8 తనను తాను 1.8 అని చెప్పుకుంటుంది. ఈ తీరు 2017లో వచ్చిన జావా 9తో పోయింది.
- మాక్‌ఓఎస్ 11 (బిగ్ సర్) కొన్ని పాత ప్రోగ్రాములకు 10.16 అని చెబుతుంది.
- విండోస్ 11 లోపల ఇంకా 10.0 అనే ఉంటుంది. డెస్క్‌టాప్ విండోస్‌లో బిల్డ్ సంఖ్య (లోపలి విడుదల సంఖ్య) 22000 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే అది విండోస్ 11. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 బిల్డ్ 19045.

10.0ను మాత్రం పర్యాయంగా పెట్టకండి, అది రెండు విండోస్‌లకూ వర్తిస్తుంది. బిల్డ్ సంఖ్యలే పెట్టండి.

వరుస క్రమం. అక్షర క్రమంలో పెడితే 10 ముందొచ్చి 9 తరువాత వస్తుంది. మీ వేదికలో సంఖ్యల క్రమంలో పేర్చే సెట్టింగు ఉంటే వాడండి. లేకపోతే వదిలేయండి. దానికోసం ‘09’ అని రాయడం మొదలుపెడితే వెతికేవాళ్లకు ఆ లేబుల్ దొరకదు.

## 5. తెలుగు లిపిలో ప్రత్యేకంగా చూడాల్సినవి

తెలుగు సమూహాల్లో జంట లేబుళ్లకు పేరు మార్పే కాదు, లిపి కూడా కారణం. కంటికి ఒకేలా కనిపించే రెండు లేబుళ్లు కంప్యూటర్‌కు వేర్వేరు కావచ్చు.

కనిపించని అక్షరం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ తరువాత జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే కనిపించని గుర్తు పడుతుంది (అక్షరాలకు సంకేత సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో 200సీ). అది లేకపోతే ‘వ’ ఒత్తుగా మారిపోతుంది. అక్కడ తేడా కనీసం కంటికి కనిపిస్తుంది. అసలు తంటా పదం చివర. ఎవరో ‘విండోస్‌లో’ అనే మాట కాపీ చేసి, ‘లో’ చెరిపేసి, మిగిలినదాన్ని లేబుల్‌గా పెడతారు. ‘స్’ తరువాత ఆ గుర్తు మిగిలిపోతుంది. జాబితాలో ‘విండోస్’ రెండుసార్లు కనిపిస్తుంది, ఎంత తేరిపార చూసినా తేడా దొరకదు.

అనుమానం ఉంటే లేబుల్ పొడవు కొలవండి. స్ప్రెడ్‌షీట్‌లో అక్షరాలు లెక్కపెట్టే ఫార్ములా సరిపోతుంది. ‘విండోస్’కు 7 రావాలి (వ, గుడి, సున్న, డ, ఓత్వం, స, పొల్లు). 8 వస్తే చివర ఏదో దాగి ఉంది.

ఐత్వం రెండు రకాలుగా నిల్వ కావడం. ‘పైథాన్’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా (0సీ48) నిల్వ చేయొచ్చు, రెండు ముక్కలుగానూ (0సీ46, 0సీ56) నిల్వ చేయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. లేబుల్ సేవ్ అయ్యే ముందు యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిలో ఏకరూపం చేస్తే ఇది తీరిపోతుంది. అయితే ఎన్‌ఎఫ్‌సీ పైన చెప్పిన కనిపించని గుర్తును తీసేయదు. అది విడిగా చూసుకోవాలి.

కాబట్టి ప్రతి లేబుల్‌కూ రెండు రూపాలు ఉంచండి. చూపించే రూపంలో కనిపించని గుర్తులు అవసరమైన చోట ఉండనివ్వండి, లేకపోతే చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పోల్చే రూపంలో మాత్రం ఎన్‌ఎఫ్‌సీ చేసి, 200సీ గుర్తులు, ఖాళీలు, హైఫన్లు అన్నీ తీసేయండి. కొత్త లేబుల్ వచ్చినప్పుడు పోల్చే రూపం ఇప్పటికే ఉంటే సృష్టించనివ్వకండి.

అక్షరక్రమం. ఆండ్రాయిడ్, యాండ్రాయిడ్, ఆండ్రాయిడు. ఐఓఎస్, ఐవోఎస్. మాక్‌ఓఎస్, మ్యాక్‌ఓఎస్. ఏది ఒప్పు అని వాదించుకుంటూ కూర్చోవద్దు. మీ సమూహంలో ఎక్కువ ప్రశ్నలు ఏ రూపం కింద ఉన్నాయో అదే మూలం, మిగతావి పర్యాయాలు. ఇంగ్లీషు లిపిలో రాసిన పేరు కూడా తప్పకుండా పర్యాయంగా ఉండాలి, ఎందుకంటే ఫోన్లో చాలామంది దానితోనే వెతుకుతారు.

విభక్తులు, అంకెలు. లేబుల్‌కు ‘లో’, ‘కు’, ‘లు’ తగిలించవద్దు. అంకెలు 0–9 మాత్రమే. ‘ఆండ్రాయిడ్ ౧౪’ అని ఎవరైనా రాస్తే పోల్చే రూపంలో 14గా మారేలా చూడండి.

## 6. మార్చే క్రమం

క్రమం తప్పితే నష్టం ఎక్కువ. ముఖ్యంగా విలీనం చివరికే రావాలి. రెండు లేబుళ్లు కలిపాక ఏ ప్రశ్న మొదట ఏ లేబుల్‌తో వచ్చిందో చాలా వేదికల్లో తెలుసుకోలేం. పర్యాయాన్ని ఎప్పుడైనా తీసేయొచ్చు, విలీనాన్ని వెనక్కి తిప్పలేం.

1. నిర్ణయాన్ని సభ్యుల ముందు పెట్టండి. పాత లేబుల్, కొత్త లేబుల్, ఏ వెర్షన్ దగ్గర గీత గీస్తున్నారు, ఎందుకు అన్నవి నాలుగు వాక్యాల్లో. అభ్యంతరాలకు వారం గడువు ఇవ్వండి.
2. బ్యాకప్ తీసుకోండి. ప్రతి ప్రశ్న సంఖ్యా, దాని లేబుళ్లూ ఉన్న ఫైలు చాలు.
3. కొత్త లేబుల్ సృష్టించి, వెంటనే వివరణ రాయండి. వివరణ లేని లేబుల్‌ను ఒక్క రోజు కూడా ఉంచకండి.
4. ఇరవై ప్రశ్నలు చేత్తో మార్చి చూడండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ వివరణ సరిచేయండి.
5. పాత పేరును పర్యాయంగా పెట్టండి. రెండు వారాలు గమనించండి.
6. తప్పు చోటికి వస్తున్న ప్రశ్నలు లేవని తేలాకే విలీనం చేయండి.
7. పాత లేబుల్ పేరుతో ఉన్న లింకులు, సభ్యులు దాచుకున్న ఫిల్టర్లు, ఆటోమేటిక్ హెచ్చరికలు కొత్త చోటికి వెళ్తున్నాయా చూడండి.

మూకుమ్మడిగా మార్చేటప్పుడు పాత ప్రశ్నలు ‘తాజాగా మారినవి’ జాబితా పైకి ఎక్కి కొత్త ప్రశ్నలను కిందికి నెట్టేస్తాయి. అలా పైకి ఎక్కకుండా ఆపే సౌకర్యం లేకపోతే రోజుకు కొన్ని చొప్పున మార్చండి.

## 7. వివరణ ఎలా రాయాలి

ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఎలా గుర్తుపట్టాలి. ఈ మూడూ ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్ గొప్పదనం గురించి ఒక్క వాక్యం కూడా అక్కర్లేదు. నమూనా:

> డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్
> వాడాల్సింది: విండోస్‌లో మాత్రమే నడిచే పాత శ్రేణికి, 4.8.1 వరకు.
> వాడకూడనిది: డాట్‌నెట్ కోర్ 1.0 నుంచి 3.1 వరకు, డాట్‌నెట్ 5, ఆపై వెర్షన్లకు. వాటికి ‘డాట్‌నెట్’ వాడండి.
> గుర్తు: ప్రాజెక్టు ఫైలులో టార్గెట్ ‘నెట్48’ అని చుక్క లేకుండా గానీ, ‘వీ4.8’ అని గానీ ఉంటే ఇదే. ‘నెట్8.0’ అని చుక్కతో ఉంటే ఇది కాదు.

గుర్తు అనే మూడో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తమ దగ్గరున్నది ఫ్రేమ్‌వర్కో, కోరో తెలియదు. ప్రాజెక్టు ఫైలు తెరిచి ఒక వరుస చూడమంటే చూస్తారు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

పాత లేబుల్ పేరునే మార్చేయడం. ‘యాంగ్యులర్‌జేఎస్’ లేబుల్‌ను ‘యాంగ్యులర్’ అని మార్చితే 1 శ్రేణి ప్రశ్నలన్నీ రాత్రికి రాత్రి తప్పు లేబుల్ కిందికి వస్తాయి. సరిచేయాలంటే పాత పేరు తిరిగి పెట్టి, మార్చిన తేదీ తరువాత వచ్చిన ప్రశ్నలను మాత్రమే కొత్త లేబుల్‌కు పంపండి.

పర్యాయాల గొలుసు. ‘గూగుల్ యాప్స్’ నుంచి ‘జీ సూట్’కు, అక్కడి నుంచి ‘గూగుల్ వర్క్‌స్పేస్’కు మళ్లింపు పెడితే కొన్ని వేదికలు మధ్యలోనే ఆగిపోతాయి. ప్రతి పాత పేరునూ నేరుగా చివరి పేరుకే కట్టండి.

‘కొత్త’, ‘తాజా’, ‘లేటెస్ట్’ అనే లేబుళ్లు. ఏడాది తిరిగేసరికి అబద్ధమవుతాయి. ప్రశ్న తేదీ చూసి అసలు వెర్షన్‌కు మార్చి, లేబుల్‌ను మూసేయండి.

మద్దతు ముగిసిందని లేబుల్ తీసేయడం. యాంగ్యులర్‌జేఎస్‌కు 2021తో మద్దతు ముగిసింది, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అవి ఆఫీసుల్లో, ఇళ్లలో ఇంకా నడుస్తున్నాయి. లేబుల్ ఉంచండి, వివరణలో ముగిసిన తేదీ చేర్చండి.

ప్రతి చిన్న విడుదలకూ లేబుల్. డాట్‌నెట్ 6 నుంచి కొత్త ప్రాజెక్టు టెంప్లేటులో ‘స్టార్టప్’ ఫైలు కనిపించదు, అంతా ‘ప్రోగ్రామ్’ ఫైలులోకి వచ్చింది. కొత్తవాళ్లు తికమకపడతారు, నిజమే. కానీ పాత పద్ధతి ఇప్పటికీ నడుస్తుంది. ఇక్కడ కావలసింది కొత్త లేబుల్ కాదు, పాత జవాబుల కింద రెండు వాక్యాల గమనిక.

## 9. తనిఖీ పట్టిక

పని ముగిశాక ఇద్దరు నిర్వాహకులు విడివిడిగా చూడండి.

- [ ] మార్పు రకం (అయిదింటిలో ఏది) జాబితాలో రాసి ఉంది
- [ ] పది ప్రశ్నల పరీక్ష ఫలితం నమోదైంది
- [ ] ఏ మూల లేబుల్‌లోనూ వెర్షన్ అంకె ఒంటరిగా లేదు
- [ ] పాత పేరు, ముద్దుపేరు, యంత్రం చూపే సంఖ్య, ఇంగ్లీషు లిపి రూపం పర్యాయాలుగా ఉన్నాయి
- [ ] రెండు అర్థాలున్న పేరు దేనికీ పర్యాయంగా లేదు
- [ ] పర్యాయాలన్నీ నేరుగా మూలానికే మళ్లుతున్నాయి
- [ ] పోల్చే రూపంలో 200సీ గుర్తులు లేవు, ఎన్‌ఎఫ్‌సీ జరిగింది
- [ ] వివరణలో వాడాల్సింది, వాడకూడనిది, గుర్తు మూడూ ఉన్నాయి
- [ ] విలీనానికి ముందు తీసిన బ్యాకప్ తెరిచి చూశారు, ఖాళీగా లేదు

ఈ పట్టికను నెల తరువాత ఒకసారి, ఆ సాఫ్ట్‌వేర్ తదుపరి పెద్ద వెర్షన్ వచ్చిన వారంలో ఇంకోసారి నడపండి. రెండోసారి మాత్రం మూడో విభాగంలోని పది ప్రశ్నల పరీక్షతోనే మొదలుపెట్టండి.